బెంగళూరు నుంచి తిరుపతికి వచ్చేశా, ఇక్కడ స్టాఫ్ నర్సు ఉద్యోగం దొరకడం ఇంత కష్టమా?

సీటీవీఎస్ సిస్టర్

అందరికీ నమస్తే. మాది పుత్తూరు పక్కన పల్లె. పదో తరగతి దాకా అక్కడే, ఇంటర్ తిరుపతిలో, బీఎస్సీ నర్సింగ్ బెంగళూరులో. మన జిల్లా పిల్లలు ఎంతమంది అక్కడ చదువుతారో మీకు తెలుసు కదా. చదువయ్యాక అక్కడే ఒక పెద్ద ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ల ఐసీయూలో (సీటీవీఎస్ అంటారు) ఆరేడేళ్ళు చేశాను. ఇప్పుడు మా ఆయనకి రేణిగుంట వైపు కంపెనీలో ఉద్యోగం వచ్చింది, అత్తమ్మ వాళ్ళది తిరుపతే, బాబుని చూసుకోడానికి ఇంట్లో మనుషులు ఉంటారని సామాను సర్దుకుని వచ్చేశాం.

ఇక్కడ ఏ ఆసుపత్రికి వెళ్ళినా రిసెప్షన్‌లోనే రెజ్యూమె తీసుకుని "ఫోన్ చేస్తాం మేడమ్" అంటారు, ఆ ఫోన్ రాదు. ఒక చోట మాత్రం కూర్చోబెట్టి మాట్లాడారు, జీతం చెప్పగానే నాకే నోట మాట రాలేదు, బెంగళూరులో వచ్చేదాంట్లో సగం కూడా లేదు. ఆన్‌లైన్‌లో పెట్టినవాటికి బదులే లేదు.

అడగాల్సినవి మూడు. కర్ణాటక రిజిస్ట్రేషన్‌తో ఇక్కడ పని చేయొచ్చా? బయట రాష్ట్రంలో చదివాను కాబట్టి గవర్నమెంటు పోస్టులకి నాన్‌లోకల్ అయిపోతానా? లేకపోతే తిరుపతి ఆశ వదిలేసి వేలూరో చెన్నైయో చూసుకోవాలా? బాబుకి ఇంకా మూడేళ్ళు నిండలేదు, అందుకే ఈ టెన్షన్.

పీలేరు పిల్ల

అక్కా మీకే ఇట్లా ఉంటే మా గతేంటి. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిపోయి ఊరికే ఉన్నా. తిరుపతిలో నర్సింగ్ కాలేజీ లేని రోడ్డు లేదు, ప్రతి ఏడాదీ ఎంతమంది బయటికొస్తారో. ఆసుపత్రుల వాళ్ళు కూడా ఫ్రెషర్లయితే తక్కువకి వస్తారని మమ్మల్నే తీసుకుంటారు అని మీరనుకుంటారు, కానీ మమ్మల్ని "ఎక్స్‌పీరియెన్స్ ఉందా" అంటారు. ఎవరిని తీసుకుంటా ఉన్నారో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

కరకంబాడి రోడ్డు

నేను ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌చార్జిని. ఏ ఆసుపత్రో అడగొద్దు, చెప్పను.

సిస్టర్, నీ రెజ్యూమె ఎందుకు పక్కకి పోతుందో చెప్తా విను. రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర కర్ణాటక అని కనపడగానే హెచ్ఆర్‌లో కూర్చున్న పిల్ల దాన్ని "పెండింగ్" అట్టలోకి తోసేస్తుంది. నర్సు ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్ర కౌన్సిల్లో పేరు ఉండాలి, ఢిల్లీలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఉంది కదా అంటే అది మనకి లైసెన్సు ఇచ్చే ఆఫీసు కాదు, ఇచ్చేది రాష్ట్రాల కౌన్సిళ్ళే. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ తనిఖీకి వచ్చినవాళ్ళు వార్డులో ఏదో ఒక సిస్టర్‌ని చూపించి "ఈమె ఫైలు తెండి" అంటారు. అందులో ఆంధ్రా కౌన్సిల్ సర్టిఫికెట్ లేకపోతే మాట పడేది మేము. కాబట్టి నీ అనుభవం తక్కువని కాదు, కాగితం లేదని.

చేయాల్సింది ఇది. కర్ణాటక కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్ తెప్పించుకో. అక్కడ రెన్యూవల్ గడువు దాటి ఉంటే ముందు అది కట్టేయి, లేదంటే ఎన్ఓసీ దగ్గరే ఆగిపోతుంది. తర్వాత మన కౌన్సిల్‌కి వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళ కింద అప్లై చెయ్యి. నర్సులకి దేశమంతటికీ ఒకటే ఇచ్చే ఎన్‌యూఐడీ నంబరు ఉంటే ఆ పన్లు కొంచెం సులువవుతాయి, ఆధార్‌తో ముడిపడిన నంబరు కాబట్టి.

ఇంకో మాట, అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. నీ టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు అక్షరంగా ఉంటుంది. బెంగళూరు యూనివర్సిటీ సర్టిఫికెట్లో మీ నాన్న పేరు చివర తగిలించి ఉంటారు. పెళ్ళయ్యాక ఆధార్‌లో ఆయన ఇంటిపేరు వచ్చి ఉంటుంది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! నోటరీ అఫిడవిట్, పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ముందే పెట్టుకో, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

అప్లై చేసిన రసీదు రాగానే ఆ జిరాక్స్ రెజ్యూమెకి మొదటి పేజీగా పెట్టు. చాలా చోట్ల దాంతో మాట్లాడతారు, నంబరు వచ్చాక ఇస్తానని రాయించుకుని జాయిన్ చేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది మంచి పద్ధతి అనను గానీ జరుగుతుంది.

రిసెప్షన్‌లో రెజ్యూమె ఇవ్వడం మానెయ్. నర్సింగ్ సూపరింటెండెంట్‌ని కలువు. పొద్దున హ్యాండోవర్, రౌండ్స్ అయ్యేదాకా ఆమెకి ఊపిరాడదు, పదకొండు పదకొండున్నర మధ్య పో. ఖాళీలు పేపర్లో రావమ్మా. ఒకామె గవర్నమెంటు పోస్టు కొట్టి పోతుంది, ఇంకొకామె దుబాయ్ పోతుంది, ఆ సాయంత్రానికే సూపరింటెండెంట్ మనసులో ఎవరి మొహం ఉంటే ఆ పిల్లకి ఫోన్ పోతుంది.

మలబార్ కోడలు

నాది కోజికోడ్, పెళ్ళి చేసుకుని తిరుపతి వచ్చినదాన్ని. తెలుగు ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నా, తప్పులుంటే సర్దుకోండి. పైన మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. నాకు కేరళ కౌన్సిల్ నుంచి కాగితం వచ్చేసరికే ప్రాణం విసిగింది. నేను చేసిన పని ఏంటంటే, ఆ టైములో ఊరికే కూర్చోకుండా బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే పని నేర్పే కోర్సులు) మళ్ళీ చేశాను, రెండేళ్ళకే గడువు అయిపోతుంది కదా వాటికి. ఇంటర్వ్యూలో మొదట చూసింది అవే.

చెల్లీ, నువ్వు లోకల్‌వి. ఆ విలువ నీకు తెలియట్లేదు. నేను ఎన్నేళ్ళు ఇక్కడ ఉన్నా ఈ జోన్‌లో గవర్నమెంటు స్టాఫ్ నర్సు పోస్టుకి నాన్‌లోకలే. మా ఊళ్ళో నాకు ఓబీసీ, ఇక్కడ ఆ సర్టిఫికెట్ చెల్లదు, ఓసీ కిందే లెక్క.

సీటీవీఎస్ సిస్టర్

కరకంబాడి మేడమ్‌కి చాలా థాంక్స్, ఇంటిపేరు సంగతి చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నా దగ్గర నిజంగానే మూడు పేర్లు ఉన్నాయి.

మలబార్ అక్కా, నేను లోకల్ ఎట్లా అవుతా? డిగ్రీ కర్ణాటకలో కదా. ఇంకోటి, 2017 నుంచి కర్ణాటక కాలేజీల ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) గుర్తింపు మీద కోర్టుల్లో పెద్ద గొడవ నడిచింది, నాకు అది కూడా భయంగానే ఉంది.

రుయా పాతకాపు

అమ్మాయ్, నేను గవర్నమెంటు సర్వీసులో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యా. నీ రెండో ప్రశ్నకి నేను చెప్తా, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిక పట్టి చదువు.

లోకల్ అనేది నువ్వు నర్సింగ్ ఎక్కడ చదివావని చూడరు. రాష్ట్రపతి ఉత్తర్వులు 1975 నాటివి, వాటి ప్రకారం ఇన్నాళ్ళూ చూసింది బడి చదువు. అందుకే ప్రతి నోటిఫికేషన్‌లోనూ నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నువ్వు పుత్తూరు దగ్గర చదివావు కాబట్టి నువ్వు లోకలే. మన పాత చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్‌లో ముక్కలైంది, నీది తిరుపతి జిల్లాలోకి వచ్చిందా చిత్తూరులోకి వచ్చిందా అని కంగారు పడాకు, స్టాఫ్ నర్సు పోస్టులు ఇన్నాళ్ళూ జోన్ (కొన్ని జిల్లాలు కలిపి ఒకటి) లెక్కన తీశారు, మనది నాలుగో జోన్, నోటిఫికేషన్ కడప రీజినల్ డైరెక్టర్ ఆఫీసు నుంచి వస్తుంది. నువ్వు చేయాల్సిన పని ఒక్కటే, బడి తెరిచి ఉన్న రోజు చూసుకుని పోయి హెడ్మాస్టర్ దగ్గర ఆ స్టడీ సర్టిఫికెట్లు రాయించుకో. నోటిఫికేషన్ వచ్చాక పోతే అక్కడ తిరునాళ్ళలా ఉంటుంది. ప్రైవేటు బళ్ళయితే కొన్ని మూతబడి ఉంటాయి, అప్పుడు ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాల.

ఇప్పుడు మార్కుల సంగతి. ఈ పోస్టులకి ఇంతవరకు నేను చూసినవాటిలో రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. వందకి లెక్క వేస్తారు. నర్సింగ్‌లో వచ్చిన మార్కులకి 75. పాసై ఎన్నేళ్ళయితే ఏడాదికొక మార్కు చొప్పున 10 దాకా. మిగతా 15 గవర్నమెంటులో కాంట్రాక్టు గానీ అవుట్‌సోర్సింగ్ గానీ చేసినవాళ్ళకి. ఆ పదిహేను ఎట్లా పడతాయంటే ఆరు నెలలకి పట్నంలో అయితే ఒక మార్కు, పల్లెలో అయితే రెండు, గిరిజన ప్రాంతంలో అయితే రెండున్నర. ప్రైవేటు ఆసుపత్రి అనుభవానికి సున్నా. నీ ఆరేడేళ్ళ ఐసీయూ ఇక్కడ పనికిరాదు, కానీ పాసై అన్నేళ్ళయినందుకు మార్కులు పడతాయి.

లెక్క చూడు. నీకు 72 శాతం ఉందనుకో, 75కి 54 వస్తాయి. పాసై ఏడేళ్ళు నిండితే 7. అక్కడికి 61. నిన్న మొన్న పాసైన పిల్లకి 80 శాతం ఉంటే 60, ఏడాది నిండితే 61. ఇద్దరూ ఒకటే! అదే నువ్వు ఏదైనా పీహెచ్‌సీలో రెండేళ్ళు కాంట్రాక్టు చేస్తే ఇంకో 8 పడి 69కి పోతావు, ఆ పిల్ల నిన్ను అందుకోలేదు. ఇక్కడ సగం మార్కుకి కూడా పోస్టు జారిపోతుంది, నా కళ్ళారా చూశా. అందుకని జిల్లా వెబ్‌సైటులో రిక్రూట్‌మెంట్ పేజీ వారానికొకసారి తెరిచి చూడు, డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు వాళ్ళు ఎన్‌హెచ్ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) కింద కాంట్రాక్టు పోస్టులు వేస్తా ఉంటారు, పది రోజులు కూడా గడువు ఇవ్వరు.

ఐఎన్‌సీ గొడవ గురించి మన కౌన్సిల్‌కి నీ కాలేజీ పేరు, చేరిన సంవత్సరం రాసి లిఖితపూర్వకంగా అడుగు. నోటి మాట నమ్మొద్దు, ఎవరి నోటి మాటా.

వడమాలపేట వాడు

ఇంత కష్టం ఎందుకండీ, జర్మనీకి పోండి. మా బంధువుల అమ్మాయి వెళ్ళింది, బ్రహ్మాండంగా ఉంది.

సీటీవీఎస్ సిస్టర్

అన్నా, బాబుకి మూడేళ్ళు నిండలేదని మొదట్లోనే రాశా. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి, అది బాబు నిద్రపోయాక రాత్రిళ్ళు నేర్చుకునేది కాదు. పెళ్ళి కాకముందు చెప్పి ఉంటే పోయేదాన్నేమో.

నార్సెట్ పిచ్చి

ఎవరూ నార్సెట్ గురించి చెప్పలేదేంటి? రాష్ట్రం, జోను, లోకల్ ఏ గొడవా లేదు. ఎయిమ్స్ అన్నిటికీ కలిపి ఒకటే పరీక్ష, 2020 నుంచి పెడుతున్నారు, ఇప్పుడు ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ ఉన్నాయి. బేసిక్ 44,900. మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులోనే ఉంది. బీఎస్సీ వాళ్ళు నేరుగా రాయొచ్చు, జీఎన్ఎం వాళ్ళయితే 50 పడకలు తక్కువ కాని ఆసుపత్రిలో రెండేళ్ళు చేసి ఉండాలి (పీలేరు చెల్లి ఇది గమనించు, చిన్న క్లినిక్‌లో చేరితే ఆ రెండేళ్ళు లెక్కకి రావు). ముప్పై ఏళ్ళ వయసు పరిమితి ఉంది, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి గుడ్డిగా గీకొద్దు.

మగవాళ్ళకి ఇరవై శాతమే. అందుకే నాకు ఈ పిచ్చి.

గుడిపాల బ్రదర్

నార్సెట్ అన్నా, మంగళగిరి కోరుకుంటే ఇంకెక్కడో ఉత్తరాన పడేస్తారు, ర్యాంకు బట్టి కదా. చిన్న బిడ్డ ఉన్నామెకి అది ముందే చెప్పాల.

నేను చిత్తూరు పక్క. వేలూరు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో పని నేర్చుకున్న నర్సుకి ఎక్కడికెళ్ళినా గౌరవం, అందులో సందేహం లేదు. కానీ వేలూరులో చేయాలంటే తమిళనాడు కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అంటే ఇప్పుడు ఆంధ్రాకి పడే పాట్లన్నీ తమిళనాడుకి పడాలి. అదే సీఎంసీ చిత్తూరు క్యాంపస్ అయితే మా గుడిపాల మండలంలో ఉంది, ఆంధ్రా రిజిస్ట్రేషన్ సరిపోతుంది. యాజమాన్యం ఒకటే, మధ్యలో బోర్డర్ ఒకటే తేడా. అరగొండ అపోలో ఉంది, చిత్తూరులో అపోలో మెడికల్ కాలేజీ ఉంది, కుప్పంలో పీఈఎస్ ఉంది. తిరుపతి ఒక్కటే కాదు మన జిల్లా అంటే.

అయితే సిస్టర్ తిరుపతిలో కాపురం ఉండి చిత్తూరు అప్ అండ్ డౌన్ చేస్తానంటే మాత్రం వద్దంటా. పగలు డ్యూటీ అయితే ఎట్లాగో లాగొచ్చు. నైట్ అయిపోయి ఎనిమిదిన్నరకి హ్యాండోవర్ ఇచ్చి, బస్టాండుకి వచ్చి, బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోతే కాణిపాకం అడ్డరోడ్డు ఎప్పుడు పోయిందో తెలియదు, తిరుపతిలో కండక్టర్ లేపాల. ఒక నెల చేస్తారు, రెండో నెల ఒళ్ళు మాట వినదు.

పీలేరు పిల్ల

కరకంబాడి మేడమ్, ఒకటి అడగాలి. నాకు ఒక చోట ఉద్యోగం ఇస్తామన్నారు. రెండేళ్ళ బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే పెట్టాలట. మా అక్క స్నేహితురాలు ఇట్లాగే ఇచ్చి, గవర్నమెంటు కాంట్రాక్టు పోస్టు వెరిఫికేషన్‌కి పిలిస్తే ఒరిజినల్స్ ఇవ్వకుండా తిప్పారు, డబ్బు కట్టి తీసుకుపో అన్నారు. ఆ పోస్టు పోయింది. పేరు రాయను గానీ తిరుపతిలోనే. నేనేం చేయాలి? మా నాన్న చేరిపో అంటున్నాడు.

కరకంబాడి రోడ్డు

ఇవ్వొద్దు. చూపించు, వాళ్ళు సరిచూసుకున్నాక అక్కడే వెనక్కి తీసుకో. ఒరిజినల్స్ పెట్టుకునే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. బాండు సంతకం చేయాల్సి వస్తే మధ్యలో పోతే ఎంత కట్టాలో అంకెల్లో రాయించు, ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వొద్దు. మీ నాన్నకి ఈ పోస్టు చదివి వినిపించు.

అంత పట్టుబడుతున్నారంటేనే అక్కడ ఎవరూ నిలవట్లేదని అర్థం. చేరేముందు ఆ ఆసుపత్రి గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర రాత్రి షిఫ్టు దిగే పిల్లల్ని అడుగు, ఒక సిస్టర్‌కి ఎన్ని పడకలు ఇస్తున్నారు అని. వాళ్ళు అబద్ధం చెప్పరు.

మలబార్ కోడలు

జీతం గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను మాట్లాడతా. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో కేంద్రాన్ని కమిటీ వేయమంది. ఆ కమిటీ ఏం చెప్పిందో తెలుసా? 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో గవర్నమెంటు నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే పది శాతం మించి తగ్గకూడదు. 50 నుంచి 100 లోపు అయితే పాతిక శాతం మించి తగ్గకూడదు. యాభై లోపల ఉన్న చిన్న ఆసుపత్రి అయినా 20,000 తక్కువ కాకూడదు. కేరళలో నర్సులు రోడ్డెక్కి సమ్మె చేస్తే 2018లో ప్రభుత్వం 20,000 కనీస వేతనం చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఇక్కడ ఎవరైనా అడిగారా? ఇంటర్వ్యూలో "మీరెంత ఇస్తే అంత సార్" అంటారు. అక్కడే చెడింది.

కరకంబాడి రోడ్డు

మలబార్, నువ్వు చెప్పింది నిజమే, నాకూ కడుపు మండుతుంది. కానీ అది సిఫార్సు, ఇక్కడ చట్టం కాలేదు. ఇంటర్వ్యూలో ఆ కాగితం తీసి చదివితే "సరే అమ్మా" అని పంపించేస్తారు. అడగాల్సిన తీరు వేరే. సీటీవీఎస్ సిస్టర్‌లాంటి వాళ్ళు బేసిక్ దగ్గర కొట్లాడొద్దు, అక్కడ వాళ్ళకి ఒక స్లాబు ఉంటుంది, దాన్ని కదిలిస్తే పాత స్టాఫ్ గొడవ పెడతారని భయం. స్పెషాలిటీ అలవెన్స్, నైట్ అలవెన్స్, ఆరు నెలల తర్వాత రివిజన్ అని ఆఫర్ లెటర్‌లో రాయించుకో. పీఎఫ్, ఈఎస్ఐ జీతంలోంచే కోస్తారా పైన ఇస్తారా అడుగు. చేతికి ఎంత వస్తుంది అన్న ఒక్క ప్రశ్న సూటిగా అడిగితే సగం మాయ తేలిపోతుంది.

మలబార్ కోడలు

అట్లా అందరం సర్దుకుపోబట్టే స్లాబు కదలట్లేదు మేడమ్. కోపం మీ మీద కాదు.

సీటీవీఎస్ సిస్టర్

చాలా రోజులకి వస్తున్నా. కర్ణాటక ఎన్ఓసీ వచ్చింది, మన కౌన్సిల్‌కి అప్లై చేశా, అఫిడవిట్ ముందే పెట్టడం వల్ల పేరు దగ్గర ఎవరూ ఆపలేదు. రసీదు పెట్టుకుని ఒక ఆసుపత్రిలో సూపరింటెండెంట్ మేడమ్‌ని కలిశా, పదకొండు దాటాక. ఆమె రెజ్యూమె చూడను కూడా చూడలేదు, సీటీవీఎస్ అనగానే నేరుగా ఐసీయూకి తీసుకుపోయి పడక పక్కన నిలబెట్టింది.

అక్కడ అనెస్థీషియా డాక్టర్ అడిగింది రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. బీపీ పెంచే మందు నార్అడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు 50 ఎంఎల్‌లో కలిపారు, పేషెంటు 60 కిలోలు, కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ పోవాలి, పంపు ఎంతకి పెడతావ్? నిమిషానికి 6 మైక్రోగ్రాములు, గంటకి 360. ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు ఉన్నాయి కాబట్టి గంటకి 4.5 ఎంఎల్ అన్నా. తర్వాత ఛాతీ డ్రెయిన్‌లో రక్తం వస్తా వస్తా ఒక్కసారిగా ఆగిపోయి, బీపీ పడిపోయి, సీవీపీ (గుండెకి చేరే పెద్ద సిరల్లో ఒత్తిడి) పెరిగితే ఏమనుకుంటావ్ అన్నారు. ట్యాంపొనేడ్ (గుండె చుట్టూ రక్తం చేరి నొక్కేయడం) అనుకుంటా, ట్యూబులో గడ్డ అడ్డం పడిందేమో చూస్తూనే సర్జన్‌కి ఫోన్ చేయిస్తా అన్నా. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. ఇంకా ఒక తెలుగు పెద్దాయన, పక్క పడకలో తమిళం మాట్లాడే యాత్రికురాలు ఉన్నారు, ఇద్దరితో మాట్లాడమన్నారు. బెంగళూరులో చేసిన పుణ్యమా అని నాకు నాలుగు భాషలు వచ్చు, తిరుపతిలో అది ఇంత పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఆఫర్ ఇచ్చారు. బెంగళూరు జీతం కాదు, కానీ మొదట ఇంకో చోట చెప్పినదానికంటే బాగా ఎక్కువ. నైట్ అలవెన్స్, ఆరు నెలల రివిజన్ రాయించుకున్నా.

ఇప్పుడు కొత్త చిక్కు. అదే వారంలో ఎన్‌హెచ్ఎం కాంట్రాక్టు లిస్టులో కూడా నా పేరు వచ్చింది, శ్రీకాళహస్తిలో. జీతం ప్రైవేటు కంటే తక్కువ, ఏడాదేడాది రెన్యూవల్. మా ఆయన ఆ పదిహేను వెయిటేజీ మార్కుల కోసం దాంట్లో చేరమంటున్నాడు, మా అత్తమ్మ గవర్నమెంటు అనగానే ఊరంతా చెప్పేసింది. పెద్దమ్మా మీరేమంటారు?

రుయా పాతకాపు

శ్రీకాళహస్తి మున్సిపాలిటీ అమ్మా. నీకు పల్లె లెక్క కాదు, పట్నం లెక్క పడే అవకాశమే ఎక్కువ, ఆరు నెలలకి ఒక మార్కు. రెండేళ్ళకి నాలుగు. చేరకముందే ఆ పోస్టు ఏ కేటగిరీ కింద రాస్తారో డీఎంహెచ్‌వో ఆఫీసులో అడుగు. రేపు ఆ సర్వీసు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది వాళ్ళే.

నన్నడిగితే పల్లె పోస్టు అయితే కళ్ళు మూసుకుని చేరమందును. పట్నం పోస్టుకి అయితే నీ చేతిలో ఉన్న గుండె ఐసీయూ పని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. రెండేళ్ళు ఓపీలో బీపీలు చూస్తే ఆ చెయ్యి మొద్దుబారుతుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ళు విడిగా నోటిఫికేషన్ వేస్తారు, టీటీడీ పిల్లల గుండె ఆసుపత్రి ఉంది, 2021లో మొదలైంది, అట్లాంటి చోట ఖాళీ పడితే నీ పనే నిన్ను తీసుకుపోతుంది. నీ వయసుకి ఇంకా టైముంది, మన రాష్ట్రంలో నేను చూసిన నోటిఫికేషన్లలో ఓసీలకే 42 దాకా ఇచ్చారు. పాసైన ఏడాదుల మార్కు నువ్వు ఎక్కడ పని చేసినా పడతానే ఉంటుంది.

గుడిపాల బ్రదర్

పెద్దమ్మ చెప్పిందే కరెక్టు. పైగా శ్రీకాళహస్తి రోజూ పోయిరావాలి.

సీటీవీఎస్ సిస్టర్

డీఎంహెచ్‌వో ఆఫీసులో అడిగాం, పట్నం కిందే అన్నారు. ప్రైవేటులోనే చేరుతున్నా, ఒకటో తారీఖు నుంచి. అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు బాగానే ఉంది. బాబుని వదిలి నైట్ డ్యూటీకి పోయేది మొదటి వారమే ఉండొద్దని అడిగా, ఒప్పుకున్నారు. కౌన్సిల్ నంబరు వచ్చాక మళ్ళీ రాస్తా.

పీలేరు పిల్ల

అక్కా కంగ్రాట్స్!! నేను ఆ బాండు ఆసుపత్రికి పోలేదు. నాకూ ఎన్‌హెచ్ఎం లిస్టులో వచ్చింది, పల్లె పీహెచ్‌సీ, ఊరికి దూరం కానీ రెండు మార్కుల లెక్క. సోమవారం వెరిఫికేషన్. పెద్దమ్మా, స్టడీ సర్టిఫికెట్లు ఏడింటిలో ఆరు తరగతులవి ఒకే కాగితం మీద ఉన్నాయి, ఆరో తరగతి ఒక్కటి వేరే బడిలో చదివా, ఆ బడి మూసేశారు. ఏం చేయాలి?

రుయా పాతకాపు

రేపు పొద్దున్నే ఎంఈవో ఆఫీసుకి పో. మూసేసిన బడి రికార్డులు ఎక్కడున్నాయో వాళ్ళు చెప్తారు. అక్కడ దొరక్కపోతే ఆ ఏడాది మీ ఊళ్ళోనే ఉన్నావని ఎమ్మార్వో ఆఫీసు నుంచి నివాస సర్టిఫికెట్ పెట్టుకో. ఒరిజినల్స్ ఒక కవర్లో, జిరాక్స్ రెండు సెట్లు గెజిటెడ్ సంతకంతో ఇంకో కవర్లో. శనివారం దాకా ఆగాకు, రెండో శనివారం వస్తుంది, ఆఫీసు ఉండదు.

పీలేరు పిల్ల

సరే పెద్దమ్మా, రేపు ఫస్ట్ బస్సుకే పోతా.